దూరపు కొండలు

రాజకీయాలు నేర్చుకోవడానికి సముద్రం దాటి వెళ్ళాలా అని మనవాళ్ళు అడుగుతూ వుంటారు. అడగడంలో తప్పేమీ లేదు. వైద్యం చదవడానికి వెళ్ళాడంటే అర్థం వుంది. యంత్రాల చదువుకు వెళ్ళాడంటే అదీ సరే. కంప్యూటర్ల సంగతి చెప్పనక్కరలేదు. ఆ చదువుకు వెళ్ళనివాణ్ణే ఇవాళ నిలదీసి అడుగుతున్నాం. కాని రాజకీయాలా! అవి మన ఊళ్ళో దొరకని సరుకా? టీ కొట్టు బల్ల మీద పొద్దున్నే పేపరు విప్పిన ప్రతివాడూ ఆ శాస్త్రంలో ఆచార్యుడే. ఏ నియోజకవర్గంలో ఏ కులం ఓట్లు ఎన్ని, ఎవరు ఎవరికి మేనల్లుడు, నిరుడు ఆ జెండా మోసినవాడు ఈ ఏడు ఈ జెండా ఎందుకు పట్టుకున్నాడు - ఇవన్నీ కాలేజీ గుమ్మం తొక్కనివాడు కూడా పూసగుచ్చినట్టు చెబుతాడు. ఇంత పంట ఇంట్లో పెట్టుకుని గింజల కోసం లండన్ వెళ్ళడం ఏమిటి?

ఈ మాట నవ్వులాటకు అనేవాళ్ళే ఎక్కువ. మొన్న వేసవిలో మాత్రం ఒక తండ్రి నన్ను నిజంగానే అడిగాడు. ఆయన కూతురు మా కాలేజీలో బి.ఏ. చదివింది. నా దగ్గర తెలుగు, పక్క గదిలో రాజనీతి శాస్త్రం. బాగా చదివే పిల్ల. లండన్‌లో ఎం.ఎస్‌సి. రాజనీతికి సీటు వచ్చింది. వాళ్ళకున్నది రెండున్నర ఎకరాలు. బ్యాంకువాళ్ళు పొలం కాగితాలు అడుగుతున్నారు.

"మాస్టారూ, డాక్టరీ అయితే కళ్ళు మూసుకుని ఇచ్చేద్దును. ఇంజనీరింగయినా ఇచ్చేద్దును. ఈ పిల్ల రాజకీయాలు చదువుతానంటోంది. ఏం, తిరిగొచ్చి ఎలక్షన్లో నిలబడుతుందా? నిలబడాలన్నా డబ్బేదీ, వున్నదంతా చదువుకే పెట్టేశాక!" అన్నాడు.

ఆయన మాటలో చమత్కారం వుంది గాని మొహంలో లేదు. ఆ రోజు ఆయనతో చెప్పిన నాలుగు మాటలూ, వ్యవధి లేక చెప్పకుండా వదిలేసిన పది మాటలూ కలిపి ఈ వారం రాస్తున్నాను. ఆ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు గనక.

మొదట ఆ చదువేమిటో చూద్దాం. రాజనీతి శాస్త్రమంటే ఎన్నికల్లో గెలిచే విద్య కాదు. ఆ విద్యకు గురువులు మన దగ్గరే వున్నారు. ఒక మనిషి మాటను లక్షమంది ఎందుకు వింటారు, విననప్పుడు ఏమవుతుంది, అధికారంలో వున్నవాణ్ణి కత్తి పట్టకుండా దింపడానికి ఏ దేశం వాళ్ళు ఏ ఏర్పాటు చేసుకున్నారు, ఆ ఏర్పాటు ఒకచోట నిలిచి మరొకచోట ఎందుకు కూలింది - ఇదీ ఆ శాస్త్రానికి పని. టీ కొట్టులో మనం మాట్లాడుకునేది మనుషుల గురించి. అక్కడ నేర్పేది ఏర్పాట్ల గురించి. ఈ రెంటికీ మధ్య చాలా దూరం వుంది.

లండన్ నడిబొడ్డున హౌటన్ వీధిలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ అనే విద్యాలయం వుంది. 1895లో వెబ్ దంపతులు, గ్రహాం వాలస్, నాటకకర్త బెర్నార్డ్ షా కలిసి పెట్టినది. అందరూ ఎకనమిక్స్ అని పొట్టిగా అంటారు గాని దాని పూర్తి పేరులో రాజనీతి శాస్త్రం కూడా వుంది. హెరాల్డ్ లాస్కీ 1926 మొదలు 1950లో కన్నుమూసేవరకు అక్కడ రాజనీతి ఆచార్యుడు. మన దేశం నుంచి వెళ్ళిన విద్యార్థులు ఆయన గది ముందు బారులు తీరేవారు. కృష్ణమీనన్ ఆయన శిష్యుడే. తరువాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ ఆయన శిష్యుడే.

అక్కడి చదువు తీరు మన పిల్లలకు మొదట కొరుకుడు పడదు. గంటసేపు లెక్చరు వుంటుంది. అది అసలు చదువు కాదు. ఆ తరువాత పది పదిహేనుమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని చర్చించే సెమినారు వుంటుంది. అదీ అసలు చదువు. వారానికి చదివి రావలసిన వ్యాసాల జాబితా ముందే ఇస్తారు. చదవకుండా వెళితే ఆ బల్ల దగ్గర దాక్కునే చోటు లేదు.

నాలుగేళ్ళ క్రితం మా కాలేజీ నుంచి ఇంగ్లండులోని ఒక యూనివర్శిటీకి వెళ్ళిన కుర్రవాడు నాకు అప్పుడప్పుడు ఉత్తరం రాసేవాడు. ఉత్తరమంటే ఇవాళ్టి ఉత్తరమే. కవరూ, బిళ్ళా లేనిది. మొదటి టర్మంతా ప్రొఫెసరును పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదట. "సార్" అంటే ఆయన వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తున్నారనుకునేవాడట. మొదటి వ్యాసం మీద ఆయన రాసిన వ్యాఖ్య ఇది: ఎవరెవరు ఏమన్నారో చక్కగా చెప్పావు, నువ్వేమంటావు? మనవాడు ఆ వాక్యం ముందు రెండు రోజులు కూర్చున్నాడు. పదిహేనేళ్ళ చదువులో అతన్ని ఆ ప్రశ్న అడిగినవారు లేరు. నోట్సు అప్పజెప్పమన్నవారే అందరూ.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనక నాకు ఇందులో ఒక చిత్రం కనిపించింది. మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం, సిద్ధాంతం అని రెండు మెట్లుండేవి. ఎదుటివాడి వాదాన్ని వాడికంటె బాగా వినిపించి, ఆ తరువాత దాన్ని ఖండించాలి. ఆ సెమినారు బల్ల దగ్గర జరిగేది ఇంచుమించు ఇదే. మన కుర్రవాడి తాతముత్తాతలకు తెలిసిన విద్యే. మధ్యలో గైడ్లూ, ముఖ్యమైన ప్రశ్నలూ అడ్డం వచ్చాయి.

సరే, ఆ బల్ల దగ్గర కూర్చుంటే తెలిసేదేమిటి? ఒక్క ఉదాహరణ చెబుతాను. అది చాలు.

ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాడు గెలిచినట్టు. ఇది మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత ధీమాగా తెలుసు. ఇందులో ఆలోచించేదేముంది? ఇంగ్లండులో 2024 జులై 4న ఎన్నికలు జరిగాయి. లేబర్ పార్టీకి వచ్చిన ఓట్లు నూటికి 34 కూడా లేవు. స్థానాలు మాత్రం 650లో 411. రిఫార్మ్ అనే కొత్త పార్టీకి నూటికి 14 ఓట్లు పడితే దక్కినవి 5 స్థానాలు. దానికంటె తక్కువగా, 12 చొప్పున ఓట్లు తెచ్చుకున్న లిబరల్ డెమోక్రాట్లకు 72 స్థానాలు! ఓట్లన్నీ కొన్ని చోట్ల కుప్ప పోసినట్టు పడినవాడు బాగుపడ్డాడు. దేశమంతా చల్లినట్టు పడినవాడు చెడ్డాడు.

ఇది దొరలదేశం వింత అనుకునేరు. ఆంధ్రప్రదేశ్ లెక్క తీయండి. 2019లో తెలుగుదేశానికి నూటికి 39 ఓట్లు పడ్డాయి. 175లో వచ్చినవి 23 స్థానాలు. 2024లో వైఎస్సార్ కాంగ్రెసుకూ నూటికి 39 ఓట్లే, వచ్చినవి 11. ఏ పార్టీవాడు ఓడినా సుమారు అయిదుగురిలో ఇద్దరు వాడి వెంటే వున్నారు. శాసనసభలో చూస్తే ఆ ఇద్దరూ కనిపించరు. మనం "ప్రజలు తుడిచిపెట్టేశారు" అంటాం. తుడిచిపెట్టింది ప్రజలు కొంత, లెక్కపెట్టే పద్ధతి కొంత.

జర్మనీలో ఇలా జరగదు. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు: ఒకటి మనిషికి, రెండోది పార్టీకి. ఆ రెండో ఓటు లెక్క ప్రకారమే పార్టీల బలాబలాలు తేలుతాయి. న్యూజీలండువాళ్ళు మనలాగే వుండి, 1993లో జనాభిప్రాయం అడిగి పద్ధతి మార్చుకున్నారు. 1996 నుంచి కొత్త పద్ధతి. ఐర్లండులో ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస అంకెలు వేస్తాడు. మన రాష్ట్రపతి ఎన్నికా ఆ జాతిదే. 1969లో వి.వి. గిరిగారు, నీలం సంజీవరెడ్డిగారు తలపడినప్పుడు మొదటి అంకెల ఓట్లతో ఎవరికీ కావలసిన సంఖ్య రాలేదు. రెండో అంకెలు లెక్కపెట్టాక గిరిగారు నెగ్గారు.

మన రాజ్యాంగసభలో ఈ ప్రశ్న రాకపోలేదు. 1949లో వచ్చింది. దామాషా పద్ధతి మనకు పనికిరాదని అంబేద్కర్ వాదించారు. అక్షరాస్యత తక్కువగా వున్న దేశంలో ఆ లెక్క కష్టమనీ, సభ ముక్కచెక్కలై ప్రభుత్వాలు నిలవవనీ ఆయన అభిప్రాయం. ఆ వాదంలో బలం వుంది. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఒకటి గమనించాలి. అది వాదం. అంటే, ఇంకోలా జరిగి వుండవచ్చు. మనం పొద్దుపొడుపు అనుకుంటున్నది కొందరు పెద్దలు ఒక గదిలో కూర్చుని తేల్చిన ఏర్పాటు.

నా దృష్టిలో ఆ చదువంతటికీ సారం ఇంతే. సొంత ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి అక్కడున్నవన్నీ కొండలూ, వాగులూ లాగానే కనిపిస్తాయి. ఎప్పటినుంచో వున్నవి, ఎప్పటికీ వుండేవి. పరదేశం వెళ్ళి, అక్కడివాళ్ళు అదే పనిని వేరేగా చేసుకోవడం చూసినప్పుడు, మనవీ మనుషులు కట్టినవేనని తెలుస్తుంది. కట్టినవాటిని మరమ్మతు చేయవచ్చు. దూరపు కొండలు నునుపు అని సామెత. ఈ చదువు విషయంలో అది తిరగబడుతుంది. దూరం వెళ్ళినవాడికి కనిపించేది తన ఇంటి వెనక కొండ గరుకుతనం.

ఇది నా ఊహ కాదు. పాతరోజుల్లో వెళ్ళినవాళ్ళు అక్కడ ఏం చదివారో చూడండి.

అంబేద్కర్ 1913లో న్యూయార్కు వెళ్ళి కొలంబియా యూనివర్శిటీలో చేరారు. బరోడా మహారాజు ఇచ్చిన వేతనం నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళపాటు. అమెరికాలో వున్నవాడు అమెరికా గురించి రాస్తాడనుకుంటాం. 1916 మే 9న, గోల్డెన్‌వైజర్ అనే మానవశాస్త్ర ఆచార్యుడి సెమినారులో ఆయన చదివిన వ్యాసం భారతదేశంలో కులాల పుట్టుక గురించి. అప్పటికి ఆయన వయసు 25. తరువాత లండన్ వెళ్ళారు. 1917లో వేతనం గడువు తీరి చదువు మధ్యలో తిరిగి రావలసి వచ్చింది. బొంబాయిలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్ళీ వెళ్ళారు. 1923లో లండన్‌లో డాక్టరు పట్టా తెచ్చిపెట్టిన గ్రంథం రూపాయి సమస్య గురించి. ఇటు కులం, అటు రూపాయి! పరాయి గడ్డ మీద కూర్చుని మన ఇంటి పునాదినీ, మన ఇంటి పెట్టెనూ పరీక్ష చేశారు.

1930లో ఇక్కడ దండి సత్యాగ్రహం జరుగుతూ వుంటే లోహియా బెర్లిన్‌లో విద్యార్థి. ఆయన అక్కడ డాక్టరేటుకు ఎంచుకున్న విషయం మన ఉప్పు పన్ను. జయప్రకాశ్ నారాయణ్ 1922లో అమెరికా వెళ్ళి ఏడేళ్ళున్నారు. ద్రాక్షతోటల్లో కాయలు కోశారు, హోటళ్ళలో పళ్ళేలు కడిగారు. బర్క్లీలో ఫీజు పెంచితే కట్టలేక అయోవాకు మారారు. చదువుకన్న ఎక్కువగా ఆయనకు అక్కడ పట్టుబడినది పనిచేసేవాడికీ, చేయించేవాడికీ మధ్య వుండవలసిన మర్యాద. ఆ మర్యాద కొలబద్ద పట్టుకుని తిరిగివచ్చారు.

మన తెలుగువాడి సంగతీ చెప్పాలి. చిత్తూరు దగ్గరి కట్టమంచి నుంచి రామలింగారెడ్డిగారు 1902లో కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కడి విద్యార్థుల వాదసభకు ఉపాధ్యక్షుడయ్యారు. చదివింది చరిత్ర. తెలుగు ఎం.ఏ. చదివిన మాబోటివాళ్ళకు ఆయన పరిచయమైనది మరోవిధంగా: "కవిత్వతత్త్వ విచారము" కర్తగా. పింగళి సూరన "కళాపూర్ణోదయా"న్ని చేత పట్టుకుని, వెనకటివాళ్ళు అడగని ప్రశ్నలు అడిగారాయన. ఒప్పుకోనివాళ్ళు యుద్ధం చేశారు. కాని ఆ పుస్తకం తరువాత మన సాహిత్యవిమర్శ మునుపటిలా లేదు. కేంబ్రిడ్జిలో నేర్చిన చూపు రాజులూ, పార్లమెంటుల దగ్గరే ఆగలేదు. ఇంటికి వచ్చి కావ్యం మీద కూడా పడింది.

ఇప్పుడు ఈ చదువుకున్న ముల్లు సంగతి. పరదేశంలో చదివే విద్యార్థి అతిథి. అతిథి ఇంటివాళ్ళ తగాదాలో నోరు పెట్టకూడదు. మరి చదివేదేమో తగాదాల శాస్త్రమాయె! ఇందాక చెప్పిన గిరిగారే 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. బరంపురంలో పుట్టిన తెలుగుబిడ్డ. అక్కడ ఐరిష్ స్వాతంత్ర్యవాదులతో స్నేహం కలిసింది. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. ఆ ఏడే ఆయన దేశం విడిచి రావలసి వచ్చింది. పుస్తకంలో చదివినదానికంటె కిటికీలోంచి చూసినదే ఆయనను కార్మిక నాయకుణ్ణి చేసింది. కాని ఆ చూడటానికి వెల చెల్లించవలసి వచ్చింది.

నూరేళ్ళు గడిచినా ఆ వెల పోలేదు. 2025 వసంతంలో అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వీసాలు చాలా రద్దుచేసింది. కొందరి విషయంలో కారణం వాళ్ళు పాల్గొన్న నిరసనలూ, రాసిన రాతలూ. వేలమంది పేర్లు రికార్డులోంచి తీసేసి, కోర్టు వ్యాజ్యాలు పడ్డాక ఏప్రిల్ చివర మళ్ళీ చేర్చారు. ఆ జూన్‌లోనే, విద్యార్థి వీసా కోరేవారు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేట్టు తెరిచి వుంచాలన్నారు. రాజనీతి చదవడానికి వెళ్ళేవాడు రాజకీయం మాట్లాడాలంటే ముందు వీసా కాగితం తడిమి చూసుకోవలసి వస్తోంది. ఇది వెళ్ళేముందే తెలిసి వుండవలసిన సంగతి. వెళ్ళవద్దని అనడానికి కాదు. కళ్ళు తెరుచుకుని వెళ్ళడానికి.

ఇంగ్లండులో దీనికి తలకిందులుగా ఒక వింత వుంది. కామన్వెల్త్ దేశాల పౌరులు అక్కడ చట్టప్రకారం నివాసముంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు నమోదు చేసుకోవచ్చు. అంటే 2024 జులైలో లండన్‌లో చదువుతున్న మన గుంటూరు పిల్లవాడు భారత పాస్‌పోర్టు చూపించి ఆ దేశపు ప్రభుత్వాన్ని ఎన్నుకోవడంలో ఓటు వేయగలడు. ఆ మే 13న మాత్రం సొంత ఊళ్ళో ఓటు వేయలేడు. విదేశంలో వున్న భారత పౌరుడికి మన చట్టం 2010లో ఓటరు జాబితాలో చోటిచ్చింది గాని, ఓటు మాత్రం స్వయంగా పోలింగు కేంద్రానికి వచ్చి వేయాలంది. విమానం టిక్కెట్టు కొనగలిగినవాడు వచ్చి వేస్తాడు. అప్పుచేసి వెళ్ళిన విద్యార్థి ఫోనులో ఫలితాలు చూసుకుంటాడు. పరాయి దేశంలో ఓటున్నవాడు, సొంత దేశంలో చూపరి! పౌరుడంటే ఎవరు అన్న పాఠం ఇంతకంటె బాగా ఏ ప్రొఫెసరు చెప్పగలడు?

ఇక డబ్బు. పొలం కాగితాల తండ్రికి నేను ఎక్కువగా చెప్పింది దీన్ని గురించే. లండన్‌లో పేరున్న చోట ఒక్క ఏడాది ఎం.ఎస్‌సి.కి విదేశీ విద్యార్థి కట్టవలసిన ఫీజు పాతిక వేల పౌండ్ల పైమాటే. మన లెక్కలో పాతిక లక్షలు దాటుతుంది. తిండీ, గదీ వేరే. చదువుకునే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. ఆ ఇరవై గంటల కూలితో గది అద్దె గట్టెక్కితే గొప్ప, ఫీజు తీరదు. చదువయ్యాక వుద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ళ గడువును, 2027 జనవరి 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు పద్దెనిమిది నెలలకు తగ్గించారు. కంప్యూటరు చదివినవాడికి వున్నన్ని కొలువులు రాజనీతి చదివినవాడికి లేవు. పరిశోధన, పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ సర్వీసులు, మాలాగా పాఠాలు చెప్పుకోవడం - ఇవీ దారులు. గౌరవమైనవే. అయితే వీటిలో ఏదీ పాతిక లక్షల అప్పును నాలుగేళ్ళలో తీర్చేది కాదు.

కనక ఆయనతో ఇలా అన్నాను: "పిల్లను పంపండి, పొలాన్ని పంపకండి." సీటు ఒక ఏడాది వాయిదా వేయించుకోవచ్చు. ఈలోగా వేతనాల కోసం ప్రయత్నించాలి. బ్రిటిషు ప్రభుత్వం చెవెనింగ్ అని ఇస్తుంది. ఏడాది చదువుకయ్యే ఖర్చంతా భరిస్తుంది. దానికి ముందుగా సుమారు రెండేళ్ళ పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్ళు సొంత దేశంలో వుండాలి. కామన్వెల్త్ వేతనాలున్నాయి. లండనే కావాలన్న పట్టుదల లేకపోతే, జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్శిటీల్లో విదేశీ విద్యార్థికి కూడా ఫీజు లేదు. బెర్లిన్‌లో రాజనీతి శాస్త్రానికి పెద్ద విభాగమే వుంది. అన్నిటికంటె ముందు ఆ అమ్మాయి ఒక సంగతి తేల్చుకోవాలి: తాను వెళ్ళేది ఈ శాస్త్రం కోసమా, వీసా కోసమా? వీసా కోసమే అయితే ఇంతకంటె దగ్గరి దారులున్నాయి. ఆమె అక్కడే కూర్చుని వుంది. శాస్త్రం కోసమేనని చెప్పింది. ఆ ఏడాదికి వాయిదా వేయించుకుంది.

పేదవాడు ఈ చదువుకు వెళ్ళిన ప్రతిసారీ వెనక మరొకరి చెయ్యి వుంది. అంబేద్కర్ వెనక బరోడా మహారాజు, రెండోసారి వెళ్ళినప్పుడు కొల్హాపూర్ మహారాజు. కేరళ పల్లెలో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన నారాయణన్ 1945లో లాస్కీ దగ్గరికి వెళ్ళగలిగారంటే టాటా వేతనం వుండబట్టి. రాజులు పోయాక ఆ చెయ్యి ప్రభుత్వానిదయింది. దళిత విద్యార్థులకూ, మరికొన్ని వెనకబడ్డ వర్గాలవారికీ విదేశాల్లో చదువుకోవడానికి కేంద్రప్రభుత్వం చాలా దశాబ్దాలుగా జాతీయ విదేశీ విద్యావేతనం ఇస్తూ వచ్చింది. మంచి పథకం. ఎందరో వెళ్ళివచ్చారు.

2022లో ఆ పథకం నిబంధనల్లో ఒక వాక్యం చేరింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశానికి సంబంధించిన సామాజిక పరిశోధన - వీటికి ఈ వేతనం వర్తించదని. వీటిని చదవడానికి కావలసిన గ్రంథాలూ, పండితులూ ఇక్కడే వుండగా అంత ఖర్చుపెట్టి విదేశాలకు పంపడమెందుకని సమర్థించినవాళ్ళు అన్నారు. కొట్టిపారేయవలసిన వాదం కాదు. ప్రజల డబ్బు, లెక్క చూసుకోవాలి. కాని వాళ్ళ ప్రశ్న టీ కొట్టు బల్ల దగ్గరి ప్రశ్నే. మన ఊళ్ళో వున్నదాన్ని చదవడానికి అంత దూరం ఎందుకు?

ఎందుకో ఇంతసేపూ చెబుతూ వచ్చాను. గ్రంథాలు ఇక్కడ వున్నమాట నిజం. 1916లోనూ వున్నాయి, కులమూ ఇక్కడే వుంది. అయినా ఆ వ్యాసం న్యూయార్కులో పుట్టింది. ఊళ్ళో మంచినీళ్ళ బావి దగ్గర దూరంగా నిలబెట్టిన కుర్రవాడికి, ఎవరితోనైనా ఒకే బల్ల దగ్గర కూర్చుని నువ్వేమంటావు అని అడిగించుకునే చోటు అది. అక్కడ కూర్చున్నాక గాని, ఇక్కడ తనను నిలబెట్టిన దూరాన్ని కొలవడం సాధ్యపడలేదు. 2022లో ఒక దళిత విద్యార్థి "భారతదేశంలో కులాల పుట్టుక" అని పరిశోధనాంశం రాసి, ఆ పథకానికి దరఖాస్తు పెట్టి వుంటే, విషయం చూడగానే పక్కన పెట్టవలసి వచ్చేది. ఆ పిల్లవాడి తండ్రికి తాకట్టు పెట్టడానికి రెండున్నర ఎకరాలు కూడా వుండవు.

వేతనం ఇచ్చేవారు లెక్క అడగవచ్చు, మార్కులు అడగవచ్చు, తిరిగిరమ్మని అడగవచ్చు. వెళ్ళినవాడు అక్కడి నుంచి ఇటు తిరిగి చూడకూడదనడం మాత్రం న్యాయం కాదు. మిగతా చదువులకు వెళ్ళినవాళ్ళు అక్కడ చూసినవి మనకు తెచ్చిపెడతారు. ఈ చదువుకు వెళ్ళినవాడు తేగలిగినదల్లా అక్కణ్ణుంచి మనం ఎలా కనిపిస్తామన్నదే.